చూడని రెండో సగం

నేను అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌కి వీరాభిమానినని చెబితే మా కాలేజీ స్టాఫ్ రూములో ఇప్పటికీ నవ్వుతారు. ఏలూరులో కామర్స్ చెప్పుకునేవాడికి ఆ గోలెందుకండీ అంటారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. అననివ్వండి. ఆ ఆట పిచ్చి నాకు అంటించింది మా బావగారు, మా అక్క భర్త. ఆ ఆట విషయంలోనే నేను ఆయనకి ఒక అన్యాయం చేశాను. ఆయన లేరు కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఉన్నప్పుడు పెట్టి ఉంటే బావుండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను డిగ్రీ ఆఖరి ఏడాది రెండు పేపర్లు తప్పాను. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో నాన్నగారు నాతో మాట్లాడటం మానేశారు. నేను కంచం ముందు కూర్చుంటే ఆయన ఆకలి లేదని లేచిపోయేవారు. నాకూ పౌరుషం తక్కువేం కాదు. తప్పింది నేనే, అలిగిందీ నేనే. అలాంటి రోజుల్లో బావగారు ఆకివీడు నుంచి మోటారుసైకిలు మీద వచ్చి, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, "వీణ్ణి నాతో పంపండి మావయ్యగారూ. చెరువు గట్టు మీద కూర్చుని చదువుకుంటాడు. నాకూ తోడుంటాడండి" అన్నారు. ఎందుకూ పనికిరానని ఇంట్లో అందరూ తేల్చేశాక, నా తోడు కావాలని అడిగింది ఆయనొక్కరే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పులు వెతుకుతున్నట్టు వంగాను.

ఆయన చేపల చెరువు ఆకివీడుకీ కొల్లేటికోటకీ మధ్య ఉండేది. బొచ్చె, శీలావతి పెంచేవారు. గట్టు మీద రేకుల షెడ్డు, అందులో నులకమంచం, తవుడు బస్తాలు, ఒక పాత కలర్ టీవీ. షెడ్డు వెనక గోడకి ఆనుకుని డీజిలు ఇంజను. ఊరి చివర నుంచి గట్టు దాకా వెదురు గడలు పాతించి కరెంటు తీగ, కేబుల్ వైరు లాగించుకున్నారు. గాలొస్తే టీవీలో బొమ్మ ఊగేది. అప్పుడు ఎవరో ఒకరం లేచి బయటికెళ్ళి గడ పట్టుకుని నిలబడేవాళ్ళం.

నేను వెళ్ళిన మొదటి సోమవారం తెల్లవారుజామున లేచేసరికి ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని టీవీ చూస్తున్నారు. క్రికెట్ అనుకున్నాను. తీరా చూస్తే నెత్తిన డిప్పలు పెట్టుకున్న మనుషులు ఒకళ్ళనొకళ్ళు కుమ్ముకుంటున్నారు.

"ఇదేం ఆటండీ బావగారూ?"

"కూర్చోరా, చెబుతాను. నాలుగు ఛాన్సులిస్తారు. నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు. వెళ్ళలేకపోతే బంతి అవతలోడికి."

"అంతేనా?"

"అంతే. పది గజాలకి పడే పాట్లు చూడు, తెలుస్తుంది."

కామెంటరీ ఇంగ్లీషు మా ఇద్దరికీ పావువంతు అర్థమయ్యేది. మిగతాది మేమే కల్పించుకున్నాం. బంతి విసిరేవాణ్ణి 'పెద్దబ్బాయి' అనేవాళ్ళం. టీవీలో నేల మీద ఒక పసుపు గీత కనబడేది, ఎక్కడిదాకా వెళ్ళాలో చెప్పే గీత. దాన్ని ఎవడు గీస్తున్నాడు, మళ్ళీ ఎప్పుడు చెరుపుతున్నాడు అని ఒక సీజనంతా కొట్టుకు చచ్చాం. నేల కింద లైట్లు పెట్టారని ఆయన వాదన. సున్నం లాంటి పొడి, పిచికారీతో కొడతారని నాది. చివరికి ఆకివీడు నెట్ సెంటర్లో చదివి, అది టీవీవాళ్ళు వేసే గీత, మైదానంలో అసలు లేనే లేదని చెప్పాను. "లేని గీత కోసమా ఇంతమంది కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటుంది!" అని పొట్ట పట్టుకుని నవ్వారు.

జట్టుని ఎంచుకుంది కూడా ఆయనే. నీలం చొక్కాల జట్టు, మంచు పడే ఏదో ఊరిది. మేం చూసిన మొదటి ఆరు మ్యాచ్‌ల్లో అయిదు ఓడిపోయారు. ముందు వరసలో ఒక లావుపాటి ఆటగాడుండేవాడు. బంతి ముట్టుకునే పని కూడా లేదు పాపం వాడికి, ఎదుటివాణ్ణి ఆపడమే. పడతాడు, లేస్తాడు, మళ్ళీ అడ్డంగా నిలబడతాడు. "మనోడు వీడేరా" అన్నారు బావగారు. గెలిచేవాళ్ళ పక్క ఊరంతా ఉంటుంది, మనం కూడా ఎందుకు అని ఆయన లెక్క. చేపలకి మేత వేస్తూ తిరిగే పడవకి నీలం రంగు వేయించారు. ఆకివీడులో ఒక సాయిబుగారి దగ్గర నీలం బనియన్లు రెండు కుట్టించి, వీపు మీద పసుపు గుడ్డతో ఆ లావుపాటి మనిషి నంబరు వేయించారు. ఆ టైలరుగారు నంబరు చూసి, "ఇదేం నంబరండీ, బస్సు నంబరా?" అన్నారు. మా అక్క ఆ బనియన్లు ఉతకనంది. ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నానని సణిగేది, సణుగుతూనే ఉతికేది.

చెరువు కాపలా గురించి ఒక మాట చెప్పాలి. రాత్రంతా నీళ్ళలో ఊపిరి తగ్గుతూ వస్తుంది. మబ్బేసినా మంచు పట్టినా తెల్లారేసరికి చేపకి గాలి చాలదు; పైకొచ్చి నోరు తెరుస్తుంది. అది కనబడగానే ఇంజను వేసి నీళ్ళు వానలా పైకి చిమ్మించాలి. చిమ్మిస్తే మళ్ళీ కిందికి దిగుతాయి. ఆలస్యమైతే ముందు పోయేది పెద్ద చేపలే. అందుకని తెల్లవారుజామున గట్టు చుట్టూ టార్చి వేసుకుని తిరగాల్సిందే. మా మ్యాచ్‌లూ సరిగ్గా ఆ వేళకే వచ్చేవి.

దానికి బావగారు ఒక పద్ధతి పెట్టారు. ఆటలో నాలుగు భాగాలుంటాయి. ఒక భాగం ఆయన చూస్తే నేను గట్టు మీద, తర్వాతది నేను చూస్తే ఆయన గట్టు మీద. తిరిగొచ్చినవాడికి లోపలున్నవాడు జరిగింది జరిగినట్టు చెప్పాలి. మనవాళ్ళు బంతి జారవిడిస్తే జారవిడిచారనే చెప్పాలి, ఓదార్పులు కలపకూడదు. అలా ప్రతి మ్యాచూ మేమిద్దరం చెరి సగమే చూశాం. మిగతా సగం ఒకరి నోట ఒకరు విన్నాం. ఆయన చెబుతుంటే మంచం మీద తలగడ బంతయ్యేది, తవుడు బస్తాలు ఆటగాళ్ళయ్యేవి. నిజం చెప్పొద్దూ, నేను చూసిన సగాల కంటే ఆయన చెప్పిన సగాలే నాకు బాగా గుర్తు.

నాలుగో సీజన్లో మా జట్టుకి ఏమైందో గానీ గెలవడం మొదలుపెట్టింది. నేను అప్పటికి ఆ రెండు పేపర్లూ గట్టెక్కి, పీజీ ప్రైవేటుగా కట్టుకుని గట్టు మీదే ఉంటున్నాను. జనవరి దాటింది. మేం ఫైనల్‌కి వచ్చాం! 'మేం' అనే అనేవాళ్ళం. మాకూ ఆ ఊరికీ ఏం సంబంధమని ఎవరైనా అడిగితే కోపం వచ్చేది నాకు. ఫైనల్ సోమవారం ఉదయం అయిదింటికి. బావగారు ఆ రోజుకి చికెన్ పకోడీ చేయించాలని కూడా అనుకున్నారు. పొద్దున్నే పకోడీ ఏంటండీ అని అక్క మొత్తుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అక్కావాళ్ళ పాపకి జ్వరం ముదిరి, భీమవరంలో ఆస్పత్రిలో చేర్చారు. బావగారు బయల్దేరుతూ ఇంజను ట్యాంకు నిండా డీజిలు పోయించి, ఆకాశం వంక చూసి, నన్ను పిలిచారు.

"ఒరే, మబ్బేసేలా ఉంది. నాలుగింటికే ఇంజను వేసేయ్. చేపలు తేలినా తేలకపోయినా వేసేయ్. ఇంకో నెల్లో చేపల పట్టుబడి. ఈ పంట మీదే ఉన్నాం."

"ఆయ్, వేస్తానండి."

"మ్యాచ్ నాలుగు భాగాలూ నువ్వే చూడు ఈసారి. నాకు ఒక్క ముక్క వదలకుండా చెప్పాలి. బామ్మర్ది బతక కోరతాడంటారు. నీకు కాక ఇంకెవడికి అప్పజెబుతాను?"

నాలుగింటికి లేచాను. అంతవరకు మాట నిలబెట్టుకున్నాను. టార్చి వేసి గట్టు చుట్టూ తిరిగాను. మబ్బుంది, పైన మంచు కూడా పట్టింది, కానీ చేపలు తేలలేదు. ఇంజను దగ్గరికెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను కూడా. పట్టుకుని వదిలేశాను. ఎందుకంటే ఇంజను షెడ్డు గోడకే ఉంది. వేస్తే టీవీ వినబడదు. పావువంతు అర్థమయ్యే కామెంటరీ వినబడదని వెయ్యలేదు. ఎంత వెధవనో చూడండి. ఇంకో గంటాగి వేద్దాంలే అనుకున్నాను.

అయిదింటికి మొదలైంది. మొదటి భాగంలో మావాళ్ళు వెనకబడ్డారు. రెండో భాగంలో పుంజుకున్నారు. ఒక్కసారి కూడా లేవలేదు నేను. ఆరుంపావుకి సెల్‌ఫోన్ మోగింది. బావగారు, ఆస్పత్రి నుంచి.

"పాపకి జ్వరం దిగిందిరా. స్కోరెంత?"

చెప్పాను. ఆయన సంతోషం పట్టలేక పక్కనున్న ఎవరితోనో ఏదో అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంజను చప్పుడు వినబడట్లేదేంట్రా?" అన్నారు.

"తలుపులేసుకున్నానండి. చలిగా ఉంది."

"వేశావు కదా?"

"ఎప్పుడో వేశానండి."

అంత తేలిగ్గా వచ్చేసింది నోట్లోంచి. ఫోను పెట్టగానే లేచి వెళ్ళాల్సింది. టీవీలో చూస్తే మొదటి సగం అయిపోవడానికి ఇంక రెండు నిమిషాలే ఉంది. ఆ ఆటలో రెండు నిమిషాలంటే ఏమిటో నాకు తెలియదా? బంతి బయటికెళ్తే గడియారం ఆగుతుంది, కిందపడినా ఆగుతుంది, కోచ్ చెయ్యెత్తినా ఆగుతుంది. నాలుగేళ్ళు చూసినవాణ్ణి. అయినా రెండు నిమిషాలే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అవి పాతిక నిమిషాలు పట్టాయి.

సగం అవగానే తలుపు తీశాను. మంచులో నాలుగు గజాల అవతల ఏమీ కనబడట్లేదు. చప్పుడు మాత్రం వినబడింది. చెరువంతా నోళ్ళు. వేల నోళ్ళు నీటిపైన తెరుచుకుంటూ మూసుకుంటూ. గట్టు వారన తెల్లగా పొట్టలు పైకి తిరిగి ఉన్నాయి. పరుగెత్తి హ్యాండిల్ తిప్పాను. చల్లటి ఇంజను, నాలుగోసారికిగానీ అందుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆక్సిజన్ బిళ్ళలు విసిరాను, నీలం పడవ వేసుకుని గడతో నీళ్ళు కలియబెట్టాను, ఏడ్చాను, దేవుణ్ణి తిట్టాను. బొచ్చెలు నా పడవకి తగులుతూ పోయాయి. పక్క గట్టువాళ్ళు వచ్చి చెయ్యి వేశారు. వాళ్ళలో ఎవరో బావగారికి ఫోను చేశారు.

ఆయన ఎనిమిదింటికి వచ్చారు. మోటారుసైకిలు స్టాండు కూడా వెయ్యలేదు, గట్టుకి ఆనించి దిగారు. నన్నేమీ అడగలేదు. ఇంజను దగ్గరికెళ్ళి ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూశారు. నాలుగింటికి వేసిన ఇంజను ఎంత తాగి ఉండాలో ఆయనకి తెలుసు. పుల్లని కాసేపు చూసి, తుడిచి, పక్కన పెట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగారాయన.

పోయినవాటిని ఏరుతున్నాం. దాదాపు తొమ్మిదవుతుండగా, "షెడ్డులో ఖాళీ సంచులుంటాయి, పట్రా" అన్నారు. వెళ్ళాను. టీవీ ఆర్పలేదు నేను. తెర మీద రంగు కాగితాలు వానలా రాలుతున్నాయి. నీలం చొక్కాలు. మా లావుపాటి మనిషి ఒక చిన్నపిల్లని భుజం మీద ఎక్కించుకుని, మొహమంతా తడిగా, ఆకాశం వంక చూసి ఏదో అరుస్తున్నాడు. మేం గెలిచాం. సంచులు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, ఒళ్ళంతా పాకింది ఆ సంతోషం. బయట ఆయన పంట కుళ్ళుతోంది, లోపల నాకు నవ్వొస్తోంది. నా మీద నాకు అసహ్యం పుట్టి టీవీ ప్లగ్గు పీకేశాను.

నేను సంచులు అందిస్తుంటే నీళ్ళలోంచి తలెత్తి, "ఏమైందిరా?" అన్నారు.

గెలిచామని చెబితే ఆ నవ్వు నా మొహం మీదికి వచ్చేస్తుందని భయం వేసింది. ఇంత చేసి, ఆయన ముందు నవ్వే మొహం పెట్టుకోనా?

"పోయాం బావగారూ" అన్నాను.

ఆయన సంచి అందుకున్నారు. మోకాళ్ళ దాకా నీళ్ళు, చేతిలో చచ్చిన బొచ్చె. "పోన్లేరా. ఇంతదాకా వచ్చారు, అది చాలు. నువ్వేం దిగులు పెట్టుకోకు" అన్నారు. నన్నే ఓదార్చారు, ఆ రోజున.

ఇంజను సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మబ్బు వల్ల పోయాయనే మా నాన్నగారితో అన్నారు, అక్కతో కూడా. ఆ వేసవిలోనే, కొల్లేరు సరస్సుని ఆక్రమించాయని, చెరువుల గట్లు తెగ్గొట్టడానికి ప్రభుత్వం యంత్రాలు పంపింది. మా గట్టూ పోయింది, షెడ్డూ పోయింది. పంట చేతికొచ్చి ఉంటే ఇంకోచోట లీజుకి తీసుకునేవారేమో. చేతిలో ఏమీ లేక పెదవేగి వెళ్ళి ఒకరి పామాయిల్ తోటలో మేస్త్రీగా కుదిరారు. గెలలు మోసే ట్రాక్టర్ల వెనక తిరిగే పని. అక్కడ ఆ ఛానెల్ రాదు. నేను ఏలూరులో ఉద్యోగంలో చేరాక నెట్‌లో చూసి ప్రతి వారం ఫోనులో చెప్పేవాణ్ణి. ఆ ఒక్కటి తప్ప అన్నీ ఉన్నదున్నట్టే చెప్పాను. ఆయన విని, "మనవాళ్ళు ఎప్పటికైనా కప్పు కొడతారంటావా?" అనేవారు. నేను ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకునేవాణ్ణి.

మూడేళ్ళు గడిచాయి. బావగారికి కిడ్నీలు పాడై ఏలూరులో ఆస్పత్రిలో చేర్చారు. కాలేజీ అవగానే వెళ్ళి కూర్చునేవాణ్ణి. మనిషి సగమయ్యారు. ఒక సాయంత్రం అక్క టీ తేవడానికి వెళ్ళింది. ఆయన పైకప్పు చూస్తూ, "నేను పోయేలోపు మనవాళ్ళు ఒక్కసారి గెలిస్తే చూడాలనుందిరా. చూడక్కర్లేదు, నువ్వు చెబితే చాలు" అన్నారు.

ఇంక ఆపుకోలేకపోయాను. ఆయన మంచం పట్టె పట్టుకుని అంతా చెప్పేశాను. గెలిచారండీ, ఆ రోజే గెలిచారండీ, నేనే అబద్ధమాడాను అన్నాను. ఇంజను సంగతి కూడా చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

"అది నాకు తెలుసు. డీజిలు చూశాగా. దానికెప్పుడో వదిలేశాను నిన్ను. పిల్లాడివి, తప్పు చేశావు. ఎవడు చెయ్యడు?" కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఇదెందుకు దాచావురా? ఆ రోజు నాకు అన్నీ పోయాయి. అదొక్కటి మిగిలుండేది కదా. అదెందుకు లాక్కున్నావు?"

ఆయనే మళ్ళీ అడిగారు.

"సరే. ఎలా గెలిచారు? రెండో సగం చెప్పు."

"నేను చూడలేదండి. చెరువులో ఉన్నాను."

"తర్వాతైనా చూడలేదా?"

"మొహం చెల్లలేదండి."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అక్కడి నుంచి తిన్నగా నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ఆ మ్యాచ్ మీద దొరికినదల్లా చదివాను. ఎవడు విసిరాడు, ఎవడు పట్టాడు, ఎన్ని గజాలు, ఏ ఛాన్సులో, ఒక్క ముక్క వదలకుండా నాలుగు కాగితాల మీద రాసుకున్నాను. మూడేళ్ళ తర్వాత అప్పుడు తెలిసింది నాకు కూడా, మా జట్టు ఎలా గెలిచిందో. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళాను. బావగారు లేచి కూర్చుని ఉన్నారు. అక్క ఆయన చేత ఇడ్లీ తినిపిస్తోంది. కాగితాలు విప్పి, "రెండో సగం తెచ్చానండి. మూడో భాగం మొదలవగానే బంతి మనవాళ్ళ చేతిలోనే..." అని అందుకున్నాను.

"వద్దులేరా" అన్నారు.

"మొత్తం రాసుకొచ్చానండి, ఒక్క ముక్క వదల్లేదు."

"రాసే ఉంటావు." నా మొహంలోకి చూశారు. కోపమేమీ లేదు. మామూలుగా, నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అన్నట్టు చూశారు. "నువ్వు చెబుతుంటే ఇది నిజమేనా అనిపిస్తుందిరా నాకు. అలా అనిపిస్తూ వినడం నావల్ల కాదు. ఏమనుకోకు."

అక్కకి ఏమీ అర్థం కాక మా ఇద్దరి వంకా చూసింది. తర్వాత ఆయన ఏడాదిన్నర బతికారు. వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. వానల గురించి, పాప చదువు గురించి, పామాయిల్ గెలల గురించి ఎన్నో మాట్లాడుకున్నాం. మా జట్టు సంగతి మాత్రం ఆయన మళ్ళీ నన్ను అడగలేదు.